ఎర్రతోక నలికండ్ల పాముకు విషం ఉంటుందా?

ప్రశ్న: మా కొబ్బరితోటలో డొక్కల (కొబ్బరికాయ పీచు తొక్కల) పోగు కదిపితే, పాములా మెలికలు తిరుగుతూ, తోక మాత్రం ఎర్రగా ఉన్న చిన్న ప్రాణి బయటపడింది. అది నలికండ్ల పామనీ, తాకితేనే విషమెక్కుతుందనీ మా అత్తగారు భయపడ్డారు. అప్పటికే మా అబ్బాయి దాన్ని పట్టుకోవడం, తోక ఊడి వాడి చేతిలో ఉండిపోవడం జరిగిపోయాయి. ప్రమాదమేమైనా ఉందా?
– ఒక పాఠకురాలు, అమలాపురం ప్రాంతం

జవాబు: మీరు వర్ణించిన ప్రాణి వల్ల మీ అబ్బాయికి ప్రమాదం లేదమ్మా, సబ్బుతో చేతులు కడిగిస్తే చాలు. అది పాము కాదు, బల్లులకు దగ్గరి చుట్టమైన నలికిరి. ఎర్రతోకను బట్టి చూస్తే, శాస్త్రజ్ఞులు రియోపా పంక్టేటా అని పిలిచే చిన్న జాతి నలికిరి పిల్ల అయివుండాలి. అడవుల్లో రాలిన ఆకుల కింద, గడ్డి నేలల్లో, తోటల్లో బతికే ఈ జాతికి పిల్లదశలో తోక ఎర్రగా మెరుస్తుంది. వయసు పెరిగేకొద్దీ ఆ రంగు తగ్గిపోతుంది.

ఆ తోకే దానికి రక్షణ. పిట్ట గాని పిల్లి గాని పట్టుకోబోతే కంటికి ముందు ఆనేది తోక కనుక దెబ్బ అక్కడ పడుతుంది. తోక ఎముకల్లో ముందే ఉన్న బలహీనమైన చోట అది తెగి, కాసేపు గిలగిలా కొట్టుకుంటూ శత్రువు దృష్టిని తనవైపు తిప్పుకునేలోగా నలికిరి ఆకుల్లోకి జారిపోతుంది. తర్వాత కొత్త తోక మొలుస్తుంది గాని, దానిలో ఎముకలకు బదులు మృదులాస్థి కడ్డీ ఉంటుంది. తోకలో దాచుకున్న కొవ్వు పోతుంది కాబట్టి, సరదాకు తోక ఊడగొట్టడం దానికి నిజంగా నష్టమే.

నునుపైన పొలుసులు, పొట్టి కాళ్లు చూసి పామనుకోవడం సహజం. అయితే పాములకు లేని కనురెప్పలు, చెవి రంధ్రాలు దీనికి ఉన్నాయి. చాలా పాములకు పొట్ట కింద అడ్డంగా వెడల్పాటి పొలుసులు పేర్చినట్టు ఉంటాయి. నలికిరికి ఒళ్లంతా చిన్న పొలుసులే. భారతదేశంలోని ఏ నలికిరికీ విషం లేదు. పురుగులను తిని బతికే ఈ ప్రాణిని భయంతో చంపడం మన తోటలకు మనం చేసుకునే అన్యాయం.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. కాళ్లు స్పష్టంగా కనిపించకపోతే దేన్నీ చేత్తో ముట్టుకోనివ్వకండి. కట్లపాము పిల్ల కూడా అటువంటి పోగుల్లోనే దాక్కోవచ్చు. గోదావరికి వరద వచ్చినప్పుడు పాములు మెరక వెతుక్కుంటూ ఇళ్ల వైపు చేరతాయి కనుక, ఆ రోజుల్లో డొక్కలను ముందు కర్రతో కదిపి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి. పాము కరిస్తే మంత్రాలతో పొద్దుపుచ్చకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.