కొత్త సాఫ్ట్‌వేర్ పెడితే పాత ఉద్యోగులు ఎందుకు మొండికేస్తారు?

చాలావరకు చేతకాక కాదు. ఇన్నేళ్లుగా తమకున్న విలువ పోతుందనీ, కొన్నాళ్లు పని రెండింతలవుతుందనీ మొండికేస్తారు. రెండోదాన్ని యజమానులు అసలు లెక్కలోకే తీసుకోరు.

ఆదోని పత్తి యార్డులో ఒక కమీషన్ దుకాణం గుమాస్తాను తీసుకోండి. చిటికెడు దూదిని రెండు బొటనవేళ్ల మధ్య లాగి, పింజ (దూది పోగు) ఎంత పొడుగుందో చెప్పేస్తాడు. అదే ఆయన పరపతి. 2016లో మొదలైన ఈ-నామ్ (కేంద్ర ప్రభుత్వ జాతీయ వ్యవసాయ మార్కెట్) లాంటి ఆన్‌లైన్ వేలంలో లాట్ నంబరు, ధర తెర మీదే కనిపిస్తాయి. 'ఇంక నాతో పనేముంది' అనిపించడం సహజం. పైగా యజమాని 'ఎందుకైనా మంచిది, పుస్తకంలో కూడా రాయప్పా' అంటాడు. అంటే సాయంత్రం ఒకే లెక్క రెండుసార్లు! విసుగు రాక ఏం చేస్తుంది? సరుకు నాణ్యత వివరాలు నింపే పని ఆయనకే అప్పగించి, పుస్తకం ఏ తేదీన మూసేస్తారో ముందే చెబితే సగం గొడవ తగ్గుతుంది.

'వయసు మళ్లినవాళ్లకు టెక్నాలజీ ఎక్కదు, రెండు రోజులు ట్రైనింగ్ ఇస్తే సరి' అనుకోవడమే పొరపాటు. అదే గుమాస్తా ఫోన్‌పేలో డబ్బులు పంపుతాడు, వాట్సాప్‌లో పత్తి రేట్లు చూస్తాడు. ట్రైనింగ్‌లో బటన్లు నేర్పుతారు గానీ, రేపటి నుంచి తన పనేమిటో, జీతం తగ్గుతుందో లేదో అక్కడెవరూ చెప్పరు.