బెండు దగ్గరే ఉండు

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన రచన రెండుసార్లు చదివాను. ఇల్లినాయ్‌లో ఆఫీసు ముగిశాక నువ్వూ నీ స్నేహితుడూ చెరువు గట్టున కూర్చుని బ్లూగిల్ చేపలకు గాలం వేసిన రెండు గంటల ముచ్చట అది. మొదటి మూడు వాక్యాలకే నిటారుగా కూర్చున్నాను. నాలుగో వాక్యంలో నువ్వు గోదావరికి వెళ్ళిపోయావు. తాతయ్య, పడవ, వేసవి సెలవుల్లో తిన్న పులస పులుసు. తిరిగి చెరువు దగ్గరికి వచ్చేసరికి చీకటి పడింది, రచన అయిపోయింది. ఆ సాయంత్రం అక్కడ ఏం జరిగిందో నాకు తెలియనే లేదు.

పులస వేసవిలో రాదు తమ్ముడూ, వానాకాలంలో వరద నీటికి ఎదురీదుతూ వస్తుంది. నీకు తెలియక కాదు. బెంగ తొందరపెట్టినప్పుడు జ్ఞాపకం చేతికందినదాన్ని తెచ్చి పెడుతుంది. ఈ దేశానికి వచ్చిన కొత్తలో నేనూ చాలాకాలం ఇదే పని చేశాను. ఇక్కడి నీళ్ళ ముందు కూర్చుని అక్కడి నీళ్ళ గురించి రాశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఊరు రచనలోకి రావద్దని కాదు, దానంతట అది రానివ్వు. గాలం దారానికి కట్టి నీటి మీద తేలనిచ్చే ముక్కను నువ్వు ‘బాబర్’ అన్న చోట ‘బెండు’ అని రాసి చూడు. జీలుగు బెండు ముక్క నీటి మీద వణకడం చూసిన పాఠకుడు ఆ ఒక్క మాటతో తన ఊరి కాలువ దాకా వెళ్ళి వస్తాడు. నువ్వు మూడు పేరాలు ఖర్చు చేయనక్కరలేదు. చేప పేరు మాత్రం మార్చకు. ‘నీలి మొప్పల మీనం’ అన్నావు. నీలం మొప్పల్లో ఉండదు, చెంప కింద, మొప్పల మూత అంచున ఉంటుంది. మూత చివర నల్లటి మచ్చ. ఆ చేపను బ్లూగిల్ అనే పిలుద్దాం.

నా సాయంత్రం ఒకటి చెబుతాను. జూన్ నెల, ఎనిమిదిన్నర దాకా వెలుతురు ఉండే రోజులు. పక్కింటి స్నేహితురాలు ఏడింటికి తలుపు తట్టింది. అరగంటలో చెరువు దగ్గర ఉన్నాం. అరచేయంత చేప, దాని నోరు మరీ చిన్నది, అందుకని పదో నంబరు గాలం. దానికి ఎర్రను, అదే వానపామును, మొత్తం గుచ్చకుండా గోరంత ముక్క తుంచి పెట్టింది. బెండు ఒక్కసారిగా మునగలేదు. రెండుసార్లు వణికింది, పక్కకు జరిగింది, అప్పుడు మునిగింది. పళ్ళెం లాంటి ఒంటిని అడ్డం తిప్పి అది గుండ్రంగా ఈదుతుంటే, అంత చిన్న చేప అంత బరువు లాగుతుందని నేను అనుకోలేదు.

పొడి చేత్తో పట్టుకున్నాను. వీపు మీది ముళ్ళు గుచ్చుకున్నాయి. ఆమె ఏమీ అనలేదు. నా చేయి పట్టుకుని చెరువు నీళ్ళలో తడిపింది, చేపను తల వైపు నుంచి తోక వైపుకు నిమిరి ముళ్ళు పడుకోబెట్టి, మళ్ళీ నా చేతిలోనే పెట్టింది. పొడి చేయి తగిలితే చేప ఒంటి జిగురు ఊడిపోతుందని తరువాత చెప్పింది. తమ్ముడూ, నీ రచనలో ‘ప్రాణ స్నేహితుడు’ అన్న మాట ఐదుసార్లు ఉంది. అతని చేతులు ఒక్కసారి కూడా కనిపించలేదు.

పొద్దు వాలేవేళ నారింజ రంగు రొమ్ముతో ఒక మగ చేప పడింది. ఒడ్డు దగ్గర లోతులేని నీళ్ళలో, తోకతో ఊడ్చి చేసిన గూడుకు కాపలా ఉండేది మగదే. అది లేని కాసేపట్లో మిగతా చేపలు గుడ్లు తినేస్తాయి. అప్పటిదాకా ఆమె తన కొడుకు గురించి ఏదో చెప్పబోతోంది. మాట ఆపేసి, గాలం విప్పి, పట్టిన చోటే వదిలిపెట్టింది. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. నేనూ అడగలేదు. ఆ సాయంత్రం మీద కథ రాసినప్పుడు ఆ మాటను అలాగే సగంలో ఉంచేశాను.

ఆ కథలోంచి తీసేసింది కూడా ఒకటుంది. 1960లో జపాన్ యువరాజు అకిహితో షికాగో వచ్చినప్పుడు నగర మేయరు బ్లూగిల్ చేపలను కానుకగా ఇచ్చాడు. అవి అక్కడి చెరువుల్లో, సరస్సుల్లో వ్యాపించి స్థానిక జీవులకు చేటు తెచ్చాయి. 2007లో చక్రవర్తి హోదాలో ఆయన అందుకు బాధపడుతున్నానని చెప్పాడు. ఎంత ఇష్టంగా రాసుకున్నానో ఆ పేరా! కానీ అది చదువుతుంటే మా చెరువు కనుమరుగైంది. దాని మీద వేరే వ్యాసం రాశాను.

నీ రెండు గంటలను రెండు గంటలుగానే రాసి పంపు. దోమలు కుట్టాయా, ఎవరి గాలం ఎవరి దారంలో చిక్కుకుంది, మొదట లేచింది ఎవరు? డబ్బాలో ఎర్రలు మిగిలాయని రాశావు. వెళ్ళేటప్పుడు అతను వాటిని ఏం చేశాడు? చదివినప్పటి నుంచి అడగాలనుకుంటున్నాను.

ప్రేమతో,
అక్క