టెక్ సందేహాలు: టవర్ ఆగాక పలికే సెట్టు ఏది?

"మాది వజ్రపుకొత్తూరు మండలం. తిత్లీ తుపాను అప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. ఈసారి యువజన సంఘం తరఫున ఆరు వాకీటాకీలు కొందామనుకుంటున్నాం. 'ఎంత దూరమైనా పలుకుతుంది, లైసెన్స్ అక్కర్లేదు' అని ఆన్‌లైన్‌లో ఒక సెట్టు చూశాం. కొనొచ్చా?"

కొనొద్దు. అక్టోబరు దగ్గర పడేకొద్దీ ఇదే ప్రశ్న కవిటి నుంచి, మందస నుంచి, విజయనగరం జిల్లా పూసపాటిరేగ నుంచి వస్తూనే ఉంది. మీరు పంపిన ఫొటోలో సెట్టు పోలీసుల చేతిలో ఉండేదానిలాగే ఉంది. కానీ వివరాలు కిందిదాకా చదవండి, సిమ్ కార్డు వేయాలని రాసి ఉంటుంది. అందులో మాట ఒక సెట్టు నుంచి ఇంకో సెట్టుకు నేరుగా పోదు. టవర్‌కు చేరి, ఇంటర్నెట్ మీదుగా ఎక్కడో ఉన్న సర్వర్‌కు వెళ్లి, తిరిగి రావాలి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి చెట్లతోపాటు కరెంటు స్తంభాలూ ఒరిగిపోయాయి. టవర్ ఆగిన రోజున ఈ సెట్టు కూడా మీ ఫోన్‌లాగే మూగబోతుంది. దాన్ని తుపాను సామగ్రి అని అమ్మడం నన్ను నిజంగా బాధపెడుతోంది. ఊరివాళ్లు చందాలు వేసుకుని, ప్రాణం మీద తీపితో కొంటున్న వస్తువు ఇది.

మీకు కావాల్సింది టవర్‌తో పనిలేని రేడియో. మన దేశంలో లైసెన్స్ లేకుండా వాడుకోవడానికి రెండు దారులున్నాయి. మొదటిది సిటిజన్ బ్యాండ్, అంటే మామూలు జనం వాడుకోవడానికి వదిలిన తరంగాల పట్టీ: 26.957 నుంచి 27.383 మెగాహెర్ట్జ్ వరకు, 5 వాట్లు మించకుండా, సెట్టుతో వచ్చే యాంటెన్నాతోనే. 2005 నుంచి ఈ మినహాయింపు ఉంది. రెండోది 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న చిన్న పట్టీ, అర వాటు సెట్లు. ఏది కొన్నా ప్రభుత్వ టైప్ అప్రూవల్, అంటే ఆ మోడల్‌కు ఇక్కడ ఇచ్చిన ఆమోదం, ఉందో లేదో అడగండి. బయటి దేశాల 40 ఛానళ్ల సిటిజన్ బ్యాండ్ సెట్టు ఎవరైనా ఇస్తే, 38, 39, 40 ఛానళ్లు మన హద్దు దాటి ఉంటాయి, వాటి జోలికి పోవద్దు. తొమ్మిదో ఛానల్ అత్యవసరానికని అమెరికాలో నియమం. మన దగ్గర దానికి ఆ హోదా లేదు. అక్కడ పిలిస్తే కంట్రోల్ రూంలో ఎవరో వింటారని లెక్క వేసుకోకండి.

దూరం గురించి పెట్టె మీది అంకెలు నమ్మకండి. 27 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 11 మీటర్లు. దానికి సరిగ్గా సరిపడే యాంటెన్నా అందులో పావు వంతు, అంటే రెండున్నర మీటర్ల పైమాటే. చేతి సెట్టుకు ఉండేది జానెడు. అందుకే 5 వాట్లలో చాలా భాగం వృథా అవుతుంది. కొబ్బరి, జీడి తోటల మధ్య రెండు మూడు కిలోమీటర్లు అనుకుని లెక్క వేసుకోండి. అంతకు మించి పలికితే సంతోషం. రెండు ఊళ్లు ఒకదానికొకటి వినపడకపోతే మధ్యలో తుపాను షెల్టర్ మేడ మీద గదిలో ఒక మనిషిని సెట్టుతో కూర్చోబెట్టండి. ఇటు విన్నది అటు చెప్పడమే అతని పని. ఒక్కోసారి పట్టపగలు ఈ బ్యాండ్‌లో వేల కిలోమీటర్ల అవతలి గొంతులు కూడా వచ్చి పడతాయి. కంగారు పడొద్దు, ఛానల్ మార్చుకోండి.

బ్యాటరీ మార్చే వీలులేకుండా మూసేసిన సెట్లు మాత్రం వద్దే వద్దు. ఛార్జింగ్ వైరు తప్ప వేరే దారి లేకపోతే రెండో రోజుకే అది పనికిరాకుండా పోతుంది. కిరాణా కొట్లో దొరికే పెన్సిల్ సెల్స్ వేసుకునేది వెతకండి.

"మాది గార మండలం. మా సెట్లలో 38 ప్రైవసీ కోడ్‌లు ఉన్నాయి. కోడ్ పెట్టుకుంటే మా మాటలు బయటివాళ్లకు వినపడవు కదా?"

వినపడతాయి. నాకు అన్నిటికన్నా భయం వేసేది ఈ ఒక్క పేరు వల్లే. ఆ కోడ్ చేసేదల్లా ఇతరుల మాటలు మీ స్పీకర్‌లో రాకుండా ఆపడం. మీ మాటలను అది దాచదు. కోడ్ పెట్టుకోని సెట్టు ఎవరి దగ్గరున్నా మీరు చెప్పేదంతా శుభ్రంగా వింటారు. ఊళ్లో చాటింపు వేసినట్టే. దానికి ప్రైవసీ అని పేరు పెట్టినవాళ్లు ఒక్క తుపాను రాత్రి అయినా ఆలోచించి ఉండాల్సింది.

"ఫలానా వీధి వాళ్లంతా షెల్టర్‌కు వచ్చేశారు" అని మీరు సెట్టులో చెబితే, ఆ వీధిలో ఇళ్లన్నీ ఖాళీ అని దొంగకు చెప్పినట్టు. "ఫలానా ఇంట్లో ముసలావిడ ఒక్కతే ఉంది" అన్నా అంతే. ముందే ఇళ్లకు నంబర్లు వేసి కాగితం మీద రాసుకోండి. సెట్టులో "17కి ఇద్దరు రావాలి" అంటే చాలు.

దీనికన్నా పెద్ద ప్రమాదం అబద్ధపు కబురు. రేడియోలో గొంతుకు చిరునామా ఉండదు. "గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తేశారు, వంశధార కట్ట తెగింది" అని ఎవడో ఒకడు అంటే చీకట్లో జనం పిల్లల్ని చంకనేసుకుని పరుగెడతారు. అందుకని ఇరవై గుర్తు మాటలు కాగితం మీద వరసగా రాసి, బాధ్యత ఉన్న నలుగురి దగ్గర తలో కాపీ ఉంచండి. జనాన్ని కదిలించే కబురు ఏదైనా చివర్లో జాబితాలోని తర్వాతి మాటతో ముగియాలి. చెప్పిన మాటను అందరూ జాబితాలోంచి కొట్టేయాలి. విన్నవాడు అదే మాట మళ్లీ వాడితే దొరికిపోతాడు. గుర్తు మాట లేని కబురు వస్తే మనిషిని పంపి కనుక్కోవాలి తప్ప ఊరిని లేపకూడదు.

"విజయనగరం నుంచి. సిటిజన్ బ్యాండ్ సెట్టుకు బూస్టర్, డాబా మీద పెద్ద యాంటెన్నా పెట్టొచ్చా?"

పెడితే లైసెన్స్ మినహాయింపు పోతుంది. తక్కువ ధరకు దొరికే రెండు బ్యాండ్ల చేతి సెట్లూ అలాగే లైసెన్స్ లేకుండా వాడేవి కావు. వాటిలో నంబరు తప్పు నొక్కితే 156.8 మెగాహెర్ట్జ్ మీద, అంటే సముద్రంలో పడవలు ఆపదలో పిలిచే ఛానల్ మీద, మీ కబుర్లు పడతాయి. భావనపాడు నుంచి వేటకెళ్లిన పడవ అదే నిమిషంలో సాయం కోసం పిలుస్తూ ఉండొచ్చు. దూరం పలకాలనే పట్టుదల ఉంటే హామ్ లైసెన్స్, అంటే సరదాకు రేడియో నడిపేవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే అనుమతి, తీసుకోండి. పన్నెండేళ్లు నిండినవాళ్లు ఎవరైనా పరీక్ష రాయొచ్చు, అందులో కింది స్థాయి అయిన రెస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ కోడ్ (చుక్కలు, గీతల సంకేత భాష) కూడా అక్కర్లేదు.