పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు బయటి నుంచి కరెంటు షాక్ ఇవ్వొచ్చా?

కూకట్‌పల్లిలో ఉండే మీ నాన్నగారికి పేస్‌మేకర్ ఉంది, ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కి (గుండె పై గదులు క్రమం తప్పి కొట్టుకోవడం) కార్డియోవర్షన్ (కరెంటు షాక్‌తో గుండె లయను సరిచేయడం) చేద్దామంటున్నారు, లోపలి మెషిన్ పాడైపోదా అని మీ ప్రశ్న.

జాగ్రత్తగా చేస్తే సాధారణంగా పాడవదు. ఐసీడీ (ప్రమాదకరమైన లయ వస్తే లోపలి నుంచే షాక్ ఇచ్చే పరికరం) ఉన్నవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఈ పరికరాల్లోనే బయటి షాక్‌ను తట్టుకునే రక్షణ సర్క్యూట్ ఉంటుంది.

అసలు భయం పేస్‌మేకర్ నుంచి గుండెలోకి వెళ్లే లీడ్ వైర్లతో. కరెంటు వాటి గుండా దిగి, వైరు కొన ఆనుకున్న చోట కండరాన్ని దెబ్బతీస్తే పేసింగ్‌కి (పేస్‌మేకర్ గుండెను కొట్టించడానికి) కావాల్సిన వోల్టేజీ పెరుగుతుంది. అప్పుడు పేస్‌మేకర్ పనిచేస్తున్నా గుండె స్పందించకపోవచ్చు. అరుదుగా సెట్టింగులు రీసెట్ అవుతాయి. అందుకే షాక్ ఇచ్చే ప్యాడ్‌ని పరికరం మీద అంటించరు. కనీసం 8 సెంటీమీటర్ల దూరంలో, వీలైతే ఒకటి ఛాతీకి, ఒకటి వీపుకి పెడతారు. పూర్తిగా పేస్‌మేకర్ మీదే ఆధారపడినవాళ్లకు బయటి పేసింగ్ కూడా సిద్ధంగా ఉంచుతారు.

షాక్‌కి ముందూ తర్వాతా ప్రోగ్రామర్‌తో (పేస్‌మేకర్ సెట్టింగులు చూసే, మార్చే మెషిన్) పరికరాన్ని చెక్ చేయించాలి. ఒక్కో కంపెనీకి ఒక్కో ప్రోగ్రామర్ కాబట్టి పేస్‌మేకర్ కార్డు తీసుకెళ్లండి. కంపెనీ టెక్నీషియన్ రావాల్సి ఉంటే ముందురోజే చెప్పించండి, మన హైదరాబాద్ ట్రాఫిక్ తెలిసిందేగా!

నన్నడిగితే షాక్ కన్నా రక్తం పలచబడే మందు గురించే ఎక్కువ టెన్షన్ పడాలి. ఫిబ్రిలేషన్ మొదలై 48 గంటలు దాటితే ముందు కనీసం 3 వారాలు మందు వాడి ఉండాలి, లేదంటే అన్నవాహిక ద్వారా ఎకో (గుండె స్కాన్) తీసి గుండెలో రక్తపు గడ్డలు లేవని చూడాలి. తర్వాత కనీసం 4 వారాలు ఆపకూడదు. మధ్యలో ఒక్క డోసు తప్పినా డాక్టరుకి చెప్పండి.