మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ కొనాలా, 14 వేల ఉద్యోగానికి పంపాలా?

తెనాలి నుంచి ఒక నాన్నగారు రాశారు, కాస్త కుదించి పెడుతున్నా. "మాది ఎరువులు, పురుగుమందుల షాపు. అమ్మాయికి 2025లో బీకాం కంప్యూటర్స్ అయిపోయింది. ఇంటర్ నుంచీ షాపు లెక్కలు టాలీలో తనే చూస్తుంది. మా బావమరిది అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ చూపించాడు, శాప్ ఎఫ్ఐసీఓ (పెద్ద కంపెనీలు వాడే లెక్కల సాఫ్ట్‌వేర్) కోర్సు, దాంతోపాటు మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టి ఉద్యోగం వచ్చేదాకా వాళ్లదే పూచీ అంట, మొత్తం లక్షా 80 వేలు. 10 వేలు అడ్వాన్స్ కట్టాం, ఒరిజినల్ సర్టిఫికెట్లు తెమ్మన్నారు. ఈలోపు విజయవాడలో వ్యాపారాలకి టాలీ, ఈఆర్‌పీ (వ్యాపారం లెక్కలన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టే చిన్న కంపెనీ నెలకి 14 వేలు ఇస్తామంది. 14 వేలకి పంపితే చుట్టాల్లో చులకనైపోతాం అంటున్నాడు బావమరిది. ఏం చెయ్యమంటారు?"

విజయవాడకి పంపండి అండీ. ఎందుకో ఇప్పుడు చెప్తా, మీ బావమరిది గారికి కూడా చదివి వినిపించండి, ఆయన మంచికే చెప్తున్నారు గానీ లెక్క చూసుకోలేదు.

ముందు ఆ మూడేళ్ల సంగతి. ఇప్పట్నుంచి మూడేళ్లు వెనక్కి వెళ్తే అమ్మాయి ఎక్కడుంది, డిగ్రీ క్లాసులో ఉంది కదా. పగలు కాలేజీలో అటెండెన్స్ పడుతోంది, అదే పగలు ఏదో కంపెనీలో శాప్ కన్సల్టెంట్‌గా పనిచేసినట్టు కాగితం, ఈ రెండూ ఒకే రెజ్యూమేలో పక్కపక్కన ఉంటే హెచ్‌ఆర్ అమ్మాయికి ఐదు నిమిషాలు కూడా అక్కర్లేదు. దానికి కూడా వాళ్ల దగ్గర మందు ఉంటుంది, డిగ్రీ డిస్టెన్స్‌లో చేశానని చెప్పమ్మా అంటారు, అంటే ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఇంకొకటి. పెద్ద కంపెనీలు జాయినింగ్ టైంలో పీఎఫ్ యూఏఎన్ (పీఎఫ్ నంబరు) మీదున్న సర్వీస్ హిస్టరీ అడుగుతాయి, పన్ను కోతలు చూపించే ఫారం 26ఏఎస్ అడిగేవాళ్లూ ఉన్నారు, ఏ కంపెనీ ఎప్పట్నుంచి ఎప్పటిదాకా జీతం ఇచ్చిందో వాటితో పోల్చి చూస్తారు. పైగా వెరిఫికేషన్ రిపోర్టు జాయిన్ అయ్యాక కూడా వస్తుంది. నా దగ్గరికొచ్చిన ఒక కుర్రాడికి ఐదో నెలలో వచ్చింది, పొద్దున లాగిన్ అయ్యాడు, మధ్యాహ్నానికి లాప్‌టాప్ వెనక్కి ఇచ్చెయ్యమన్నారు. వాళ్ల నాన్న అప్పటికే ఊళ్లో అందరికీ స్వీట్లు పంచేశారు పాపం.

సరే, దొరకలేదనే అనుకుందాం. మూడేళ్లు చేసినవాళ్లని అడిగే ప్రశ్నలు వేరే ఉంటాయి. ట్యాక్స్ కోడ్ ఎలా పెడతారు అని అడగరు, మంత్ ఎండ్ క్లోజింగ్‌లో మీకు ఇరుక్కున్న ఇష్యూ ఒకటి చెప్పండి, క్లయింట్‌తో ఏం మాట్లాడారు, గో లైవ్ రోజు, అంటే క్లయింట్ దగ్గర కొత్త సాఫ్ట్‌వేర్ మొదలైన రోజు, రాత్రి ఏం జరిగింది అని అడుగుతారు. కోర్సులో చెప్పేవి ఎఫ్ఐ అంటే ఫైనాన్షియల్ అకౌంటింగ్, సీఓ అంటే కంట్రోలింగ్, కంపెనీ కోడ్, చార్ట్ ఆఫ్ అకౌంట్స్, ఇవే. అది తప్పేం కాదు, నేర్చుకోవాల్సిందే. కానీ గో లైవ్ రాత్రి కోర్సులో రాదు కదండీ.

అమీర్‌పేటని నేను తిట్టను. 2000 ముందు కోబాల్, తర్వాత జావా, డాట్‌నెట్, టెస్టింగ్ టూల్స్, శాప్, ఇప్పుడు జెన్ ఏఐ, మైత్రీవనం చుట్టూ బోర్డులు మారుతూనే ఉన్నాయి, అక్కడ నిజంగా నేర్చుకుని పైకొచ్చినవాళ్లు వేలల్లో ఉన్నారు. చెప్పే సార్లు కూడా కొందరు చాలా గట్టివాళ్లు. చెడింది ఆ ప్యాకేజీ వ్యాపారం, కోర్సు పక్కన అబద్ధం కలిపి అమ్మడం.

ఇప్పుడు ఐటీ సర్వీసెస్ అంటే అసలు ఏంటో షాపు భాషలో చెప్తా. మీరు యూరియా బస్తా అమ్ముతారు, ఈ కంపెనీలు మనిషి గంటని అమ్ముతాయి. క్లయింట్‌కి ఒక మనిషిని ఇస్తే గంటకి ఇంత అని బిల్లు వేస్తారు, లేదంటే పని మొత్తానికి ఒక రేటు మాట్లాడుకుంటారు. బిల్లు పడని మనిషి బెంచ్ మీద ఉన్నట్టు, అంటే గోడౌన్‌లో మిగిలిపోయిన సరుకు లాగా, జీతం ఖర్చు నడుస్తుంది, రాబడి రాదు. అందుకే ప్రతి మేనేజరూ చూసేది ఒకటే, ఈ మనిషిని క్లయింట్ ముందు కూర్చోబెడితే ఫిర్యాదు రాకుండా ఉంటుందా అని. 2025 జూలైలో టీసీఎస్ సుమారు 12 వేల మందిని, అంటే తన మనుషుల్లో 2 శాతం మందిని, తగ్గిస్తామని చెప్పినప్పుడు ఎక్కువ దెబ్బ మధ్య స్థాయి, పై స్థాయి వాళ్లకే అన్నారు. ఇంకోపక్క పాస్‌వర్డ్ రీసెట్ లాంటి కింది లెవెల్ టికెట్ల (వాడేవాళ్ల ఫిర్యాదుల) పని కూడా మెషీన్ మీదకి వెళ్లిపోతోంది. ఇంక గట్టిగా నిలబడేది ఎవరయ్యా అంటే క్లయింట్ వ్యాపారం తెలిసినవాళ్లు, ఇన్వాయిస్ ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, ఆగితే ఎవరికి నష్టం అని చెప్పగలిగినవాళ్లు.

ఇక్కడే మీ అమ్మాయి దగ్గర ఏముందో మీకు తెలీట్లేదు అనిపించింది. మీ షాపులో సబ్సిడీ ఎరువు అమ్మాలంటే రైతు ఆధార్ పెట్టి పీఓఎస్ మెషీన్‌లో కొట్టాలి, అదే అమ్మకం టాలీలో కూడా ఎక్కాలి, సీజన్‌లో జనం క్యూలో ఉన్నప్పుడు ఒకదాంట్లో ఎక్కి ఇంకోదాంట్లో ఎక్కదు, నెలాఖర్లో మెషీన్ ఒక స్టాక్ చూపిస్తుంది, టాలీ ఇంకోటి చూపిస్తుంది, గోడౌన్‌లో బస్తాలు మూడో లెక్క చెప్తాయి. ఎరువుకి జీఎస్టీ 5 శాతం, మామూలు పురుగుమందుకి 18, ఒకే బిల్లులో రెండూ. కంపెనీ ఇచ్చే స్కీమ్ డిస్కౌంట్ సీజన్ అయ్యాక క్రెడిట్ నోట్‌గా వస్తుంది. ఇవన్నీ కూర్చుని సరిచేసే పిల్ల ఇప్పటికే సగం ఫంక్షనల్ కన్సల్టెంట్, అంటే వ్యాపారం లెక్క తెలిసి దానికి తగ్గట్టు సాఫ్ట్‌వేర్ సెట్ చేసే మనిషి. శాప్ భాషలో దీన్ని రీకన్సిలియేషన్ అంటారు, అంతే తేడా. చాలామంది బీటెక్ పిల్లలకి డెబిట్ ఏదో క్రెడిట్ ఏదో చెప్పడానికే నెలలు పడుతుంది.

విజయవాడ కంపెనీలో ఏం చేస్తుంది అంటే, బట్టల హోల్‌సేల్ వాళ్ల దగ్గరికి వెళ్తుంది, మెడికల్ ఏజెన్సీకి వెళ్తుంది, కోల్డ్ స్టోరేజీకి వెళ్తుంది. పాత లెక్కల పుస్తకంలోంచి డేటా కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాలి, 5 కోట్ల టర్నోవర్ దాటినవాళ్లకి ఈ-ఇన్వాయిస్ (జీఎస్టీ పోర్టల్‌లో నమోదయ్యే బిల్లు) సెట్ చెయ్యాలి, ఓపెనింగ్ బ్యాలెన్స్ కలవకపోతే ఆ ముసలి గుమాస్తా గారితో కూర్చుని ఓపిగ్గా వెతకాలి, ఆయనేమో ఈ కంప్యూటర్ వచ్చాకే లెక్కలు చెడిపోయాయి అంటారు. అదే క్లయింట్ హ్యాండ్లింగ్. కష్టమైన పని, తిరుగుడు ఉంటుంది, మార్చి నెలాఖర్లో ఇంటికి ఎప్పుడొస్తుందో చెప్పలేం. 14 వేలు తక్కువే, నేనేం కాదనను, హాస్టల్ కడితే మిగిలేది పెద్దగా ఉండదు, తెనాలి నుంచి రోజూ రైల్లో వెళ్లొస్తే నయం. కానీ ఏడాదిన్నర, రెండేళ్లు అనుకుని పంపండి, అక్కడే సెటిల్ అవ్వమని కాదు.

చేరే ముందు ఆ ఓనర్‌ని అడగాల్సినవి ఉన్నాయి. క్లయింట్ దగ్గరికి పంపుతారా లేక ఫోన్ సపోర్ట్‌లోనే కూర్చోబెడతారా, ఇది అన్నిటికన్నా ముఖ్యం. టాలీ ఒక్కటేనా, జోహో, ఓడూ లాంటివి కూడా చేస్తారా, టాలీలో మార్పులు చేసే టీడీఎల్ నేర్పిస్తారా. ఊళ్లు తిరిగితే ఛార్జీలు ఎవరివి, బాండ్ ఉందా. ఈఎస్ఐ జీతం 21 వేల లోపు వాళ్లకి వర్తిస్తుంది, పీఎఫ్ మామూలుగా 20 మంది పైన ఉన్న చోట ఉంటుంది, వాళ్లది ఎంత సైజో కనుక్కోండి. పీఎఫ్ పడితే రేపు చూపించుకోవడానికి నిజమైన సర్వీస్ హిస్టరీ ఉంటుంది, కొన్నది కాదు.

శాప్ మానెయ్యమని కూడా నేను అనట్లేదు. పాత శాప్ ఈసీసీకి మామూలు మెయింటెనెన్స్ 2027తో ఆపేస్తామని ఆ కంపెనీయే చెప్పింది, దాంతో చాలా కంపెనీలు కొత్త శాప్ అయిన ఎస్/4హానాకి మారే పనిలో ఉన్నాయి, పని ఉంది. శాప్ వాళ్ల సొంత లెర్నింగ్ సైట్‌లో చాలా కోర్సులు ఫ్రీ, రాత్రి గంటసేపు అవి చూడమనండి. రెండేళ్ల తర్వాత హైదరాబాద్‌లో ఫైనాన్స్ అండ్ అకౌంట్స్ ప్రాసెస్ ఉద్యోగాలకి వెళ్లొచ్చు, జెన్‌పాక్ట్, టీసీఎస్ బీపీఎస్ లాంటి చోట్ల బీకాం వాళ్లని తీసుకుంటారు, అక్కడ అకౌంట్స్ పేయబుల్ (సరుకు ఇచ్చినవాళ్ల బిల్లులు కట్టే) పని తరచూ శాప్‌లోనే నడుస్తుంది. ముందు వాడేవాళ్లుగా కూర్చుని, తర్వాత దాన్ని సెట్ చేసే వైపు మారినవాళ్లని నేను చాలామందిని చూశా, వాళ్లకి గో లైవ్ రాత్రి గురించి అడిగితే నోరు తడబడదు. ఇంగ్లీష్ మాట్లాడటం మాత్రం ఇప్పట్నుంచే మొదలెట్టాలి, తెనాలి అమ్మాయి కదా మాటకి ఏం తక్కువ ఉండదు, భాష మార్చి మాట్లాడటమే.

ఇంకో మాట, అమ్మాయి ఏమంటోందో మీరు రాయలేదు. మీరూ బావమరిదీ మాట్లాడుకున్నారు, తనని అడిగారా?

ఆ 10 వేలు తిరిగి అడగండి, ఇస్తే తీసుకోండి, ఇవ్వకపోతే దాని కోసం మిగతా లక్షా 70 వేలు కట్టకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎట్టి పరిస్థితుల్లో ఇవ్వొద్దు, ఖాళీ చెక్కుల మీద సంతకాలు అస్సలు వద్దు. ఈ ఉత్తరం చేరేలోపే ఇచ్చేసి ఉంటే రేపు పొద్దున మొదటి బండికే హైదరాబాద్ వెళ్లి, రసీదు ఉంటే పట్టుకుని, అవి చేతికి వచ్చేదాకా అక్కడే కూర్చోండి, బావమరిది గారిని కూడా తీసుకెళ్లండి.