ఈత రానివారు ఒంటరిగా సముద్రతీరానికి వెళ్లవచ్చా?

ప్రశ్న: నేను సిడ్నీలో మాస్టర్స్ చదువుతూ, వెస్ట్‌మీడ్‌లో మరికొందరు తెలుగమ్మాయిలతో కలిసి ఉంటున్నాను. కాలేజీ, పార్ట్‌టైమ్ ఉద్యోగం తప్ప ఇంతవరకు ఊరు చూసింది లేదు. నవంబరులో పరీక్షలు అయ్యాక ఒక రోజు ఏదైనా కొత్త బీచ్‌కి వెళ్లి రావాలని ఉంది. శని, ఆదివారాల్లో మిగతావాళ్లకు డ్యూటీలు ఉంటాయి కాబట్టి ఒక్కదాన్నే వెళ్లాలి. నాకు ఈత రాదు. అమ్మ వద్దంటోంది. ఎక్కడికి వెళ్తే మంచిది? ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
— ఒక పాఠకురాలు, సిడ్నీ

జవాబు: నిరభ్యంతరంగా వెళ్లి రండి. బోండై పేరు అందరి నోటా వినిపిస్తుంది గానీ, నీళ్లలోకి దిగని మనిషికి ఆ జనంలో చూడడానికి మిగిలేది తక్కువేనని నా అభిప్రాయం. దానికి బదులు నగరానికి దక్షిణాన ఉన్న క్రొనుల్లాకు వెళ్లండి. సెంట్రల్‌లో రైలు మారితే చాలు, ఆ దారిలో చివరి స్టేషను అదే. స్టేషనుకు ఒక పక్క సముద్రం, మరో పక్క పడవల రేవు ఉంటాయి. ఆ రేవులో చిన్న పడవ ఎక్కితే అరగంటలో పోర్ట్ హ్యాకింగ్ అనే సముద్రపు పాయ దాటి బండీనా అనే ఊళ్లో దింపుతుంది. ఆ ఊరిని ఆనుకొని 1879లోనే ఏర్పాటైన రాయల్ నేషనల్ పార్క్ ఉంది.

బండీనా రేవు నుంచి జిబ్బన్ అనే ఇసుక తీరం మీదుగా, పొదల మధ్య కాలిబాటన తాపీగా నడిచినా గంటలోపే ధారవాల్ ఆదివాసులు ఇసుకరాతి మీద చెక్కిన బొమ్మలను చేరుకుంటారు. వరసగా గుంటలు తొలిచి, వాటిని గాడిగా కలిపి గీసిన తిమింగలం, టేకు చేప వంటి రూపాలవి. ఎండ ఏటవాలుగా పడే ఉదయం వేళ గాడుల్లో నీడ నిలిచి గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నం వెళ్తే ఉత్త బండరాయిని చూసినట్టే ఉంటుంది. అందువల్ల పొద్దున్నే బయలుదేరండి. చుట్టూ కట్టిన నడకవంతెన మీద నుంచే చూడాలి గానీ, ఫొటో కోసమని రాతి మీద కాలు పెట్టకూడదు.

ఇక మీ అమ్మగారి భయం సంగతి. విశాఖ ఆర్కే బీచ్‌లో అలలకు కొట్టుకుపోయినవారి వార్తలు ఏటా చదివే తల్లి వద్దనడంలో వింత లేదు, కాబట్టి ఆ భయాన్ని కొట్టిపారేయకుండా దాని కారణాన్ని తెలుసుకోండి. ఒడ్డుకు వచ్చిన నీరు తిరిగి సముద్రంలోకి పోవడానికి అలల మధ్య ఒక సందు చేసుకుంటుంది. దాన్నే ఇక్కడివారు రిప్ అంటారు. అక్కడ నురుగు తక్కువగా, నీరు కాస్త ముదురు రంగులో, చూడడానికి ప్రశాంతంగా ఉంటుంది. ఈత రానివారు అలలకు జడిసి సరిగ్గా ఆ చోటునే ఎంచుకుంటారు, ప్రమాదమంతా అక్కడే ఉంది. క్రొనుల్లాలో కాళ్లు తడుపుకోవాలనిపిస్తే ఎరుపు, పసుపు జెండాల మధ్యనే, మోకాలి లోతు దాటకుండా నిలబడండి. ఆ జెండాలు ఉన్నాయంటే రక్షకులు కాపలా ఉన్నారని అర్థం. జిబ్బన్‌లో అలలు నెమ్మదిగానే ఉంటాయి గానీ కాపలా ఉండదు కాబట్టి అక్కడ నీటిలోకి దిగవద్దు. ఎక్కడైనా పొరపాటున లాగేస్తే, ప్రవాహానికి ఎదురు తిరగకుండా వెల్లకిలా తేలుతూ, చెయ్యి పైకెత్తి సాయం కోసం పిలవాలి. రిప్ మనిషిని దూరంగా తీసుకుపోతుందే తప్ప అడుగుకు లాగదు.

ఇసుక మీద నీలిరంగు గాలిబుడగలా, వెనుక దారంలాంటి తోకతో కనిపించేది బ్లూబాటిల్ అనే జెల్లీఫిష్ లాంటి సముద్రజీవి. చచ్చిపడి ఉన్నా కుడుతుంది, ముట్టుకోకండి.

ఒంటరి ఆడపిల్లను చూసి ఎవరేమనుకుంటారోనన్న బెంగ అక్కర్లేదు. చుడీదార్‌లో వెళ్లినా పట్టించుకునేవారు ఉండరు. నవంబరు ఎండ మాత్రం పట్టించుకుంటుంది. అక్కడి వాతావరణ సూచనలో యూవీ సూచిక (ఎండలోని అతినీలలోహిత కిరణాల తీవ్రతను చెప్పే అంకె) 3కు చేరిన దగ్గర నుంచీ టోపీ, సన్‌స్క్రీన్ తప్పనిసరి. మబ్బు పట్టినా అంతే. మంచినీళ్లు నిండుగా తీసుకువెళ్లండి. తిండికి పులిహోర కట్టుకుంటే మధ్యాహ్నం దాకా పాడవదు, డబ్బాకు మూత ఉండాలి సుమా, అక్కడి సీగల్ పక్షులు చేతిలోది కూడా తన్నుకుపోతాయి.

పార్కు లోపల ఫోను సిగ్నలు అన్ని చోట్లా అందదు. అందుచేత ఏ పడవకు తిరిగి వస్తారో బండీనాలో ఉండగానే రూమ్మేట్‌కు, అమ్మకు మెసేజ్ పెట్టండి. అత్యవసరమైతే ట్రిపుల్ జీరోకు ఫోను చేయాలి. సాయంత్రం చివరి పడవ ఎన్నింటికో రేవులో దిగగానే చూసుకొని, దానికంటే ముందు పడవకే సిద్ధంగా ఉండండి, ఎందుకంటే బండీనాకు రైలు లేదు, రోడ్డు మీద రావాలంటే పార్కంతా చుట్టి రావాలి.