ఒండ్రు దారి చూడకుండా రేవు గురించి రాయకు

చిరంజీవికి ఆశీస్సులు.

కాకినాడ రేవు మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. "గోదావరి తల్లి చలవ వల్ల ఈ సీమ సుభిక్షమైంది" అని మొదలుపెట్టావు. అది అబద్ధం కాదు గాని, డెల్టాలో ఏ ఊరికైనా అతికే మాట కనుక పాఠకుడికి కొత్తగా తెలిసేదేమీ లేదు. (నీ వయసులో నాకూ ఇదే జబ్బు ఉండేది.) చలవ అంతటా ఉన్నప్పుడు వ్యాపారం ఒక్కచోటే ఎందుకు కుదురుకుందో నువ్వు చెప్పాలి.

కోరంగినే తీసుకో. ఓడలు కట్టి, బాగుచేసి పంపిన రేవును 1839 తుపాను ముంచేసిందని రాసి ఊరుకున్నావు. తుపానుది ఒక్క రోజు పని. గోదావరి ఏటేటా తెచ్చిన ఒండ్రు ఆ రేవును మెల్లగా పూడ్చుకుంటూ పోయింది. అదే నది ఇసుకను అలలు ఉత్తరంగా నెట్టి పొడవాటి మేట వేశాయి. మనం హోప్ ఐలాండ్ అంటున్నది దాన్నే. దాని చాటున అలల ఉధృతి తగ్గి, ఓడలు నిలవడానికి కాకినాడ తీరం అనువైంది. వ్యాసానికి ప్రాణమైన ఈ సంగతిని ఒక్క ముక్కలో దాటేశావు.

అలాగని భారమంతా ప్రకృతి మీదే వేయకు. ఇదే నది, ఇదే నేల ఉండగానే 1833 ప్రాంతంలో ఈ సీమ కరువుతో అల్లాడింది. నది పాయలుగా చీలే ధవళేశ్వరం దగ్గర కాటన్ 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట 1852లో పూర్తయ్యాకే, డెల్టా తల నుంచి పల్లానికి కాలువలు పారి, వాటిలోనే ధాన్యం పడవలు కాకినాడ దాకా నడిచాయి.

ఒకసారి తెల్లవారుజామున రావులపాలెం అరటి మార్కెట్‌కు వెళ్లు. సైకిల్‌కు ఇరువైపులా గెలలు కట్టుకుని, ఎక్కే వీలు లేక నెట్టుకొచ్చే రైతు చొక్కా మీద అరటి జిగురు నల్లగా మరకలు కట్టి ఉంటుంది. అరటి పండే ఊళ్లు చుట్టూ ఎన్నో ఉన్నాయి. కాని జాతీయ రహదారి గౌతమి వంతెన దిగగానే తగిలే ఊరు అదే కనుక, లంకల గెలలు సైకిల్ దిగి లారీ ఎక్కేది అక్కడే.

తిరగరాసే ముందు యానాం నుంచి కోరంగి మీదుగా కాకినాడ వెళ్లు. మడ అడవి దగ్గర ఆగి, పాటు సమయంలో నీరు తీసినప్పుడు బురద ఎంత దూరం బయటపడుతుందో చూసి, వ్యాసాన్ని అక్కణ్నుంచి మొదలుపెట్టి పంపు.